జార్జ్ టౌన్ గుళ్ల నడక: తెలుగులో చెప్పే మాస్టారి కోసమైనా వెళ్లండి

చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లు ఒక్కసారైనా వెళ్లవలసిన నడక ఇది. ఇబ్బందులు లేకపోలేదు, అవీ రాస్తాను. కానీ తంబుచెట్టి వీధి నుంచి కొత్వాల్ చావడి దాకా ఆ ఇరుకు సందుల్లో ప్రతి గుడి ముందూ నిలబెట్టి, అది అక్కడ ఎలా వెలిసిందో తెలుగులో చెప్పే మనిషిని నేను నెల్లూరు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చాక ఇప్పుడే చూశాను.

నడిపించేది రిటైరైన ఒక తెలుగు మాస్టారు. తన పేరు ఎక్కడా రాయొద్దన్నారు కాబట్టి మాస్టారు అనే రాస్తున్నా. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కబురు తిరుగుతూ ఉంటుంది, అందులో నంబరుకి మెసేజ్ పెడితే చాలు. మనిషికి 500 రూపాయలు, 60 దాటినవాళ్లకి సగం. మధ్యలో టిఫిను, కాఫీ అందులోనే. ఆదివారం ఉదయం 7 గంటలకి మణ్ణడి మెట్రో స్టేషన్ బయట కలుసుకోవాలి. ఆదివారం పెట్టడం మంచి పని. మామూలు రోజుల్లో లోడు ఆటోలు, తోపుడు బళ్లు, మూటలు మోసేవాళ్ల మధ్య ఆ వీధుల్లో ఇద్దరు పక్కపక్కన నడవలేరు.

నేను మా అత్తయ్యతో వెళ్లాను. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, అయినా వస్తానంది. ఆవిడ పుట్టింటివాళ్లది కొత్వాల్ చావడిలో చింతపండు మండీ. ఆ సంగతి తరవాత వస్తుంది.

మొదటిది కాళికాంబ గుడి. విశ్వకర్మలు కొలిచే తల్లి. మొదట్లో సెయింట్ జార్జ్ కోట దగ్గరే ఉండేదని, ఈస్టిండియా కంపెనీవాళ్ల కోట పెరిగేకొద్దీ తల్లి తంబుచెట్టి వీధికి తరలి వచ్చిందని చెప్తారు. 1677 అక్టోబర్ 3న ఛత్రపతి శివాజీ వచ్చి దర్శనం చేసుకున్నాడని గుడిలో రాసిపెట్టారు. మాస్టారి పద్ధతి నాకు ఇక్కడే నచ్చింది. కథ చెప్పేటప్పుడు నిండుగా, భక్తిగా చెప్పారు. రాత్రి వేళ, మారువేషం, తల్లి ముందు కత్తి పక్కన పెట్టి మోకరిల్లడం, అన్నీ. అది పూర్తయ్యాక "ఇప్పుడు కాగితం మాట" అన్నారు. ఆ ఏడు మే నెలలో శివాజీ మనుషులు ఉత్తరం పట్టుకుని కోటకి వచ్చారు. విషానికి విరుగుడుగా పనికొచ్చే మందులు కావాలని అడిగారు. అది కంపెనీవాళ్ల దస్త్రాల్లో ఉంది. గుడికి రావడం మాత్రం గుడివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్న మాట.

మా గుంపులో ఐటీ ఉద్యోగం చేసే కుర్రాడు ఒకడు "అయితే శివాజీ రాలేదా సార్?" అన్నాడు. "బాబూ, ఆ ఏడు ఆయన దక్షిణాదిలోనే ఉన్నాడు. అమ్మవారి భక్తుడు. వచ్చాడని వీళ్లు ఇన్ని తరాలుగా నమ్ముతున్నారు. కాదనడానికి నా దగ్గర ఏముంది? కాగితంలో ఏది ఉందో, నోట ఏది ఉందో నీకు విడివిడిగా తెలియాలి, అంతే" అన్నారు. నడక పొడుగునా ఈ రెండిటినీ ఆయన ఎక్కడా కలిపెయ్యలేదు. యూట్యూబ్‌లో గుళ్ల వీడియోలు చేసేవాళ్లలో చాలామందికి ఈ జాగ్రత్త లేదు. ఒకరు కథనంతా చరిత్ర చేసేస్తారు, ఇంకొకరు కథ అనగానే నవ్వేస్తారు.

సుబ్రహ్మణ్య భారతి స్వదేశమిత్రన్ పత్రికలో పని చేసిన రోజుల్లో ఈ తల్లి దగ్గరికి వచ్చేవాడన్న సంగతి కూడా అక్కడే చెప్పారు. అత్తయ్యకి భారతి పాటలు ఇష్టం. గర్భగుడి ముందు నుంచి ఆవిడని కదిలించడం కష్టమైంది.

అర్మేనియన్ వీధిలో కచ్చాలీశ్వరుడి గుడి దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. 18వ శతాబ్దం మొదట్లో కలవై చెట్టి అనే వర్తకుడు కట్టించినది. లోపల చల్లగా, ప్రశాంతంగా ఉంది. కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలు అని రెండు వర్గాలుగా చీలి అప్పటి పట్నంలో జరిగిన తగాదాల గురించి మాస్టారు రెండు ముక్కలు చెప్పి ముందుకు నడిపించారు. ఆ తగాదాలు తెలియకపోతే ఈ పేటలో ఒక్కొక్క కులానికి ఒక్కొక్క గుడి, ఒక్కొక్క వీధి ఎందుకున్నాయో అర్థం కాదు. ఇంకాస్త చెప్పి ఉండాల్సింది.

నడకకి ప్రాణం ఆ తరవాతి అరగంట. ప్యారీస్ కార్నర్‌లో డేర్ హౌస్ దగ్గర ఒక పాత రాతి స్తంభం ఉంది. ఆ దారిన ఎన్నిసార్లు బస్సులో పోయానో, ఎప్పుడూ కంట పడలేదు. 1773లో కంపెనీవాళ్లు ఇలాంటివి 6 పాతారు. ఇవి దాటి కోట వైపు ఎవరూ ఇల్లు కట్టకూడదని హద్దు. ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే. అక్కణ్నుంచి హైకోర్టు ఎదురుగా పేవ్‌మెంట్ మీదికి తీసుకెళ్లి, ఆ ఎర్ర గోపురాల వైపు చెయ్యి చూపించి "మనం ఇప్పుడు చూడబోయే గుడి ముందు అక్కడ ఉండేది" అన్నారు.

కంపెనీ వచ్చిన కొత్తలో దేశీయులు కట్టుకున్న పాత బ్లాక్ టౌన్ కోటగోడకి ఆనుకుని, ఇప్పుడు హైకోర్టు ఉన్న చోట ఉండేది. 1639లో ఆ నేల కంపెనీకి ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. బేరం కుదిర్చింది బేరి తిమ్మప్ప, కంపెనీ దుబాసి, అంటే వాళ్ల తరఫున మాట్లాడే మధ్యవర్తి. ఇద్దరూ మనవాళ్లే. ఆ ఊరి నడుమ చెన్నకేశవ పెరుమాళ్ గుడి. దాని గురించి 1646 నాటి దానపత్రం ఒకటి ఉంది, కంపెనీకి తుపాకి మందు చేసిపెట్టే నాగ భట్టన్ రాసి ఇచ్చినది. 1648లో తిమ్మప్ప రాసినది ఇంకొకటి. ఒకే గుడికి ఇద్దరు దాతలెలా అయ్యారన్నది మాస్టారు మా ఊహకే వదిలేశారు.

1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసు పట్టుకున్నారు. 1749లో తిరిగి ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. మళ్లీ శత్రువు వస్తే ఈ ఇళ్ల చాటున దాక్కుని కోట మీద గుండ్లు వేస్తాడని, తమ ఫిరంగులకి అడ్డు లేకుండా ఉండాలని పాత ఊరినే తీసేశారు. 1757లో గుడి కూడా పోయింది. దేవుడు ఇల్లు లేనివాడయ్యాడని ఊరంతా గోల పెట్టింది. కంపెనీ వేరే చోట స్థలమూ కొంత సొమ్మూ ఇచ్చింది. గవర్నర్ పిగట్ దగ్గర దుబాసిగా ఉన్న మణలి ముత్తుకృష్ణ మొదలి పూనుకుని, తన డబ్బు వేసి, జనం దగ్గర చందాలు పోగుచేసి దేవరాజ మొదలి వీధి దగ్గర ఒకటికి రెండు గుళ్లు లేపించాడు. చెన్నకేశవుడు, చెన్న మల్లీశ్వరుడు, పక్కపక్కనే. అందుకే దాన్ని పట్టణం కోవిల్ అంటారు.

పూలబజారు వాసన మధ్య నుంచి ఆ జంట గుళ్లలోకి అడుగు పెట్టినప్పుడు నాకు కళ్లనీళ్లు వచ్చాయి. చీరల షాపింగుకి వచ్చినప్పుడు ఆ గోపురం కింద నుంచే నడిచిపోయేదాన్ని. అది పడగొట్టించుకుని, బతిమాలి, కూడబెట్టి మళ్లీ కట్టుకున్న గుడి అని నాకు ఎవరు చెప్పారు? తమిళుల పెరటాశి నెలలో తిరుమల బ్రహ్మోత్సవాలకి వెళ్లే గొడుగులు బయల్దేరేది ఈ గుడి నుంచే. ఆ గొడుగులు యానైకవుని (ఎలిఫెంట్ గేట్) దాటే మధ్యాహ్నం ఈ పేటంతా రోడ్డు మీదే ఉంటుంది. ఆ ఊరేగింపు నేను టీవీలో మాత్రమే చూశాను. ఈసారి వీధిలో నిలబడి చూస్తాను.

ఆ తరవాత రాసప్ప చెట్టి వీధిలో కందకోట్టం. 1673 నాటి మాటగా చెప్తారు. వేలూరు మారి చెట్టియార్, కందప్ప ఆచారి అని ఇద్దరు స్నేహితులు. ప్రతి కృత్తికకీ పట్నం నుంచి తిరుప్పోరూరు దాకా నడిచి వెళ్లి మురుగన్‌ని చూసి వచ్చేవాళ్లు. ఒకసారి వాన, గాలి, దారి తప్పింది. చెట్టు కింద పడుకుంటే కలలో స్వామి కనిపించి, ఇక్కడే పుట్టలో ఉన్నాను, నన్ను మీ ఊరికి తీసుకుపొండి అన్నాడు. తవ్వి తీసి మోసుకొస్తుంటే ఈ చోటికి వచ్చేసరికి విగ్రహం బరువెక్కింది, ఇక కదల్లేదు. అక్కడే గుడి. తమిళ భక్తకవి వళ్లలార్ చిన్నతనంలో ఈ స్వామి ముందే పాడాడు.

మింట్ స్ట్రీట్ ఏకాంబరేశ్వరుడి కథ కూడా దాదాపు ఇదే. కంపెనీతో వర్తకం చేసిన అలంగాత్త పిళ్లె స్వామి కోసం కంచికి వెళ్లి వస్తుండేవాడు. ఒకసారి వెళ్లలేకపోతే స్వామి కలలోకి వచ్చి, నేనే ఇక్కడ ఉన్నాను అన్నాడట. ఆ పిళ్లె 1688లో మద్రాసు కార్పొరేషన్ పెట్టినప్పుడు అందులో ఆల్డర్‌మన్, అంటే నగరసభ సభ్యుడు కూడా.

ఈ రెండు కథలూ వరసగా విన్నాక నాకు ఒకటి తోచింది. మన పల్లెల్లో స్థలపురాణాలు వేరు. అక్కడ దేవుడు ముందు, ఊరు తరవాత. ఋషి తపస్సు చేస్తాడు, ఆవు పుట్ట మీద పాలు ధారపోస్తుంది, తరవాత మనుషులు చేరతారు. ఈ పట్నంలో ముందు మనుషులు వచ్చారు. నేత పనికి, వర్తకానికి, దుబాసితనానికి సొంత ఊళ్లు వదిలి వచ్చారు. వదిలి వచ్చిన దేవుడి కోసం నడిచి నడిచి అలిసిపోయారు. అప్పుడు దేవుడే బయల్దేరి వాళ్ల వీధికి వచ్చాడు. కంపెనీ కాలం నాటి ఈ గుళ్ల కథలన్నీ వలస వచ్చినవాళ్ల కథలే. చెన్నైలో ఇల్లు కట్టుకుని, పండక్కి నెల్లూరు బస్సు దొరకక ఏడ్చిన నాలాంటివాళ్లకి ఈ కథలు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఇది మాస్టారు అన్న మాట కాదు, నాది. ఆయనకి చెప్తే "నిజమేనమ్మా" అన్నారు.

ఇక ఇబ్బందులు. నిర్వాహకులు పంపిన జాబితాలో మింట్ స్ట్రీట్ గుడి ఉంది, కానీ వెళ్లలేదు. కథ రోడ్డు మీదే చెప్పి సరిపెట్టారు. మనుషుల్ని ఎక్కువ చేర్చుకున్నారు. 30 మందికి పైగా ఉన్నాం, ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు హారన్ల మధ్య వెనక ఉన్నవాళ్లకి సగం మాటలు వినిపించలేదు. మెడలో వేసుకునే చిన్న స్పీకరు ఉన్నా సరిపోయేది. టిఫినుకి ఆగిన చోట ఇడ్లీ, వడకూర బాగున్నాయి, కానీ అందరికీ కూర్చునే చోటు లేక ఆలస్యమైంది. ఆ ఆలస్యం దెబ్బ చివరి గుడికి తగిలింది.

ఆ చివరి గుడి కొత్వాల్ చావడి కన్యకా పరమేశ్వరి అమ్మవారిది. తెలుగువాళ్ల నడకలో దానికి దక్కింది పావుగంట, అదీ గుడి మూసే వేళకి. ఇది నాకు బాధ కలిగించింది. మాస్టారు పెనుగొండ కథ మొదలుపెట్టారు. కుసుమ శ్రేష్ఠి కూతురు వాసవి, ఆమెని చేసుకుంటానన్న విష్ణువర్ధన మహారాజు, కాదంటే యుద్ధం. అంతలో గడియారం చూసుకున్నారు. అప్పుడు అత్తయ్య అందుకుంది. "నేను చెప్తాను మాస్టారూ" అని మెట్టు మీద కూర్చుని, యుద్ధంలో రక్తం పారకూడదని ఆ పిల్ల అగ్నిగుండం అడగడం, 102 గోత్రాలవాళ్లు వెంట నడవడం, మిగిలినది అంతా చెప్పింది. మా ఇళ్లల్లో ఇది పుస్తకంలో చదివే కథ కాదు. ఆ 102లో మా గోత్రమూ ఒకటి.

ఆ తరవాత ఎవరూ అడక్కుండానే చావడి సంగతులు చెప్పింది. మార్కెట్ 1996లో కోయంబేడుకి వెళ్లిపోక ముందు, తెల్లవారుజామున లారీలు దిగుతుంటే అరటాకుల పచ్చివాసన అమ్మవారి గుడిలోకి వచ్చేదట. మండీ తెరిచేముందు వాళ్ల నాన్న ఇక్కడ కొబ్బరికాయ కొట్టనిదే గల్లా ముట్టుకునేవాడు కాదు. నవరాత్రుల్లో ఆడపిల్లలందరికీ కొత్త పరికిణీలు. మాస్టారు నోటుపుస్తకం తీసి అవి రాసుకున్నారు. "అమ్మా, వచ్చేసారి ఇక్కడ మీరే చెప్పాలి" అన్నారు. ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది నాకు.

వెళ్లేవాళ్లకి కొన్ని మాటలు. ప్రతి గుడి బయటా చెప్పులు విడవాలి, పది గంటలు దాటితే గచ్చు కాలుతుంది, పెద్దవాళ్లకి సాక్సులు వేయించండి. టాయిలెట్ సౌకర్యం టిఫిను హోటల్లో తప్ప దారిలో ఎక్కడా లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పట్టణం కోవిల్ నుంచి కందకోట్టానికి ఆటో ఎక్కండి, మాస్టారు ఏమీ అనుకోరు. పిల్లల్లో పదేళ్లు దాటినవాళ్లయితే బాగా వింటారు.

నిర్వాహకులకి నా విన్నపం ఒకటే. ఈ నడకని రెండుగా విడగొట్టండి. కాళికాంబ నుంచి పట్టణం కోవిల్ దాకా ఒకటి. కందకోట్టం, మింట్ స్ట్రీట్, కొత్వాల్ చావడి ఇంకొకటి. ఒక్కొక్కదానికీ ఇదే రుసుము పెట్టినా వస్తాం. రెండోదానికి మా అత్తయ్య ఇప్పుడే పేరు ఇచ్చేసింది.