బాత్రూమ్, బయటి గోడలు బాగు చేయించిన కొన్నేళ్ల తర్వాత: ఏది నిలబడింది, ఏది చెడింది

పాత బాత్రూమ్‌ను నేల దాకా పగలగొట్టి కొత్తగా కట్టించుకున్నాం. దాంతోపాటే బయటి గోడల పగుళ్లు, సన్‌షేడ్‌లు బాగు చేయించి రంగులు వేయించాం. ఇదంతా జరిగి ఏళ్లు దాటింది. పని పూర్తయిన వారానికే రాసే సమీక్షల్లో టైల్స్ మెరుపు గురించి తప్ప పెద్దగా ఏమీ ఉండదు, అప్పటికి కనబడేది అదే మరి. లోపాలు బయటపడాలంటే ఇంటిల్లిపాదీ రోజూ వాడాలి, వానలు బాగా తగలాలి. ఇప్పుడా రెండూ అయ్యాయి కాబట్టి గట్టిగానే చెప్పగలను. టైల్స్ కింద, గోడ లోపల, కంటికి కనబడని చోట చేయించిన పని చెక్కుచెదరలేదు. కంటికి ఇంపుగా ఉంటాయని తెచ్చినవాటితోనే ఎక్కువ పేచీలు వచ్చాయి.

ఈ పని పెట్టుకోవడానికి కారణం బాత్రూమ్ బయటి గోడకు పట్టిన చెమ్మ. రంగు బుడగలు లేచి పెచ్చులుగా ఊడేది, కింద తెల్లగా ఉప్పు పూసేది. గీకి మళ్లీ రంగేస్తే చాలన్నాడు పెయింటర్. ప్లాస్టరింగ్ మొత్తం తీసెయ్యాలన్నాడు తాపీ మేస్త్రీ. ప్లంబర్ మాత్రం ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూద్దాం, పని సంగతి తర్వాత అన్నాడు. ఆయనంటే నాకు ఇప్పటికీ ఎంతో గౌరవం. మొదట ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి వాటర్ మీటర్ చూశాం. అప్పుడు కూడా మీటర్ తిరుగుతుంటే గోడలోని పైపు కారుతున్నట్టు లెక్క. తిరగలేదు. తర్వాత బాత్రూమ్ నేలలో నీళ్లు బయటికి పోయే జాలీకి గుడ్డ బిగించి, రంగు కలిపిన నీళ్లు నేల మీద నిలబెట్టాం. కాసేపటికి కాదు గానీ, మర్నాటికి ఆ రంగు బయటి గోడ మీద తేలింది. అంటే పైపుల తప్పు కాదు, నేలా గోడా కలిసే మూలలోంచి నీరు దిగుతోంది. అదే గోడ మీద కిటికీ పక్కన ఉన్న ఇంకో మరకకు దీంతో సంబంధమే లేదు, అది సన్‌షేడ్ మీంచి వస్తున్న వాననీరు. ఈ సంగతి తేల్చుకోకుండా పైపైన రంగు వేయిస్తే ఎంత మంచి పెయింటైనా మళ్లీ ఊడి తీరుతుంది. గోడలోని నీటిని పెయింట్ ఆపలేదు.

బాత్రూమ్‌లో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది వాటర్‌ప్రూఫింగ్. పొడి, ద్రవం కలిపి పూసే సిమెంట్ పాలిమర్ పూత వాడారు. ఒక కోటు అడ్డంగా, అది ఆరాక రెండో కోటు నిలువుగా. అంతకుముందే నేలా గోడా కలిసే మూలలన్నిటినీ సిమెంట్, ఇసుక కలిపిన మాలుతో గుండ్రంగా తీర్చారు. నిటారు మూలలో పూత పలచబడి చీలుతుంది, అందుకే ఇది ముఖ్యం. పైపులు నేలలోంచి పైకి వచ్చే చోట, జాలీ చుట్టూ మెష్ పట్టీ అతికించి దాని మీద మళ్లీ పూశారు. బాత్రూమ్ నేల కారిందంటే చాలావరకు ఇలాంటి అతుకుల దగ్గరే, నడిమధ్యన కారడం తక్కువ. షవర్ ఉన్న గోడకు తల ఎత్తు దాటి, మిగతా గోడలకు మూర ఎత్తు వరకు పూయించాం.

పూత ఆరాక జాలీ మూసేసి, నేలంతా నీళ్లు నింపి 48 గంటలు వదిలేయమన్నాను. కాంట్రాక్టర్‌కు ఇది నచ్చలేదు. పని ఆగిపోతుందని, ఎప్పుడూ ఇలా చేయలేదని వాదించాడు. నేను పట్టు వదల్లేదు. పరీక్షలో కమోడ్ పైపు దగ్గర సన్నగా చెమ్మ కనబడింది. టైల్స్ ఇంకా వేయలేదు కాబట్టి ఆ ఒక్క చోట పూత చెక్కి, మళ్లీ పట్టీ వేసి సరిచేశారు. తర్వాత ఇంకోసారి నీళ్లు నింపితే పొడిగా ఉంది. అదే లోపం టైల్స్ వేశాక తెలిస్తే మొత్తం నేల మళ్లీ పగలగొట్టుకోవాలి. కొంతమంది 24 గంటలు చాలంటారు. వీలుంటే 48 గంటలు ఉంచండి, సన్నటి ఊట బయటపడటానికి టైమ్ పడుతుంది. గోడల్లో దాచే పైపులకూ ఇలాగే, ప్లాస్టరింగ్ ముందే పంపు పెట్టి, నీటి ఒత్తిడికి ఎక్కడైనా కారుతున్నాయేమో చూసే ప్రెషర్ టెస్ట్ చేయించాం.

నేల వాటం గురించి చాలామంది పట్టించుకోరు. మీటరుకు 10 నుంచి 20 మిల్లీమీటర్ల వాలు జాలీ వైపు ఉండాలి. మావాళ్లు షవర్ కింద సరిగ్గానే ఇచ్చారు, అక్కడ స్నానం ముగిసేలోపే నీళ్లు పోతాయి. వాష్‌బేసిన్ కింద మాత్రం తక్కువ పడింది. ఇన్నేళ్లుగా అక్కడ నీళ్లు నిలుస్తూనే ఉన్నాయి, మురికి పడుతూనే ఉంది, వైపర్‌తో తోయక తప్పదు. టైల్స్ వేసే రోజే బకెట్ నీళ్లు పోసి చూపించమని అడగాలి. పెద్ద సైజు టైల్స్ ఎంచుకుంటే నాలుగు వైపుల నుంచీ వాటం తీయడం కష్టం, కోతలు పెరుగుతాయి. నేలకు చిన్న టైల్సే మేలు. గరుకువి తీసుకోండి. మా అమ్మ ఇప్పుడు తడి నేల మీద కూడా భయం లేకుండా నడుస్తోంది, ఆ ఒక్క కారణానికే నునుపు టైల్స్ వద్దంటాను. గరుకు నేలను రుద్దడానికి కాస్త ఎక్కువ శ్రమ పడాలి, ఆ మాట నిజమే.

టైల్స్‌ను సిమెంట్ ముద్దలతో కాకుండా అడ్హెసివ్‌తో, అంటే టైల్స్ అతికించే జిగురుతో, పళ్ల తాపీతో గీసి అతికించారు. మధ్యలో ఒకటి పీకి వెనక వైపు చూశాను. తడి తగిలే చోట టైల్ వెనక 95 శాతం దాకా అడ్హెసివ్ అంటి ఉండాలి. నాలుగు మూలల్లో ముద్దలు పెట్టి అతికిస్తే లోపల డొల్లగా ఉంటుంది, ఆ ఖాళీలో నీరు చేరుతుంది, బరువు పడితే టైల్ పగులుతుంది. ఇప్పటికీ అప్పుడప్పుడూ వేలి కణుపుతో తట్టి చూస్తుంటాను, ఎక్కడా డొల్ల శబ్దం రాలేదు.

టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్ విషయానికొస్తే, నేలకూ షవర్ గోడకూ ఎపాక్సీ గ్రౌట్, మిగతా గోడలకు మామూలు సిమెంట్ గ్రౌట్ వేయించాం. రెండూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి తేడా కళ్ల ముందే ఉంది. ఎపాక్సీ నీరు పీల్చదు, రంగు మారలేదు. సిమెంట్ గ్రౌట్ వేసిన చోట తడి తగిలే గీతలన్నీ నల్లబడ్డాయి. యాసిడ్ క్లీనర్ వాడిన చోటైతే అరిగి గుంటలు పడ్డాయి. ఎపాక్సీతో ఒక్క ఇబ్బంది ఉంది: టైల్ మీద పడిన జిగురును గట్టిపడకముందే తుడవాలి. తలుపు దగ్గర అలా వదిలేసిన మసక పొర ఇప్పటికీ పోలేదు. మూలల్లో మాత్రం గ్రౌట్ వద్దు, శానిటరీ సిలికాన్ పెట్టించండి. గోడా నేలా వేర్వేరుగా కదులుతాయి, గ్రౌట్ ఆ కదలికకు పగులుతుంది. సిలికాన్ శాశ్వతం కాదు. మాది ఒకసారి నల్లబడితే గీకి కొత్తగా పెట్టించాం.

గాజు పార్టిషన్ నాకు నచ్చలేదు. లవణాలు ఎక్కువున్న గట్టి నీళ్లు (హార్డ్ వాటర్) వచ్చే ఇంట్లో రోజూ తుడవకపోతే తెల్లటి మచ్చలు గాజుకు పట్టేస్తాయి. నల్ల రంగు కుళాయిల మీద కూడా ఇదే బాధ, పైగా చేయి తగిలే చోట రంగు లేచింది. పక్కనే ఉన్న మామూలు క్రోమ్ కుళాయి ఇంకా బాగుంది. గోడకు తగిలించే కమోడ్ గురించి అందరూ భయపెట్టారు గానీ అది చక్కగా పనిచేస్తోంది. ఫ్లష్ ట్యాంకు గోడలో ఉన్నా, ఫ్లష్ ప్లేటు తీస్తే చేయి పెట్టి వాషర్ మార్చుకోవచ్చు. మేం అలాగే మార్పించాం, గోడ పగలగొట్టాల్సిన పని రాలేదు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ గురించి అప్పట్లో ఎవరూ నాకు గట్టిగా చెప్పలేదు. స్నానం అయ్యాక ఇరవై నిమిషాలు ఫ్యాన్ తిరగనిస్తే పైకప్పుకు బూజు పట్టదు. తలుపు కింద కాస్త సందు ఉండాలి, లేకపోతే గాలి లోపలికి రాదు, ఫ్యాన్ ఊరికే తిరుగుతుంది.

బయటి పనికి ముందు గోడను ఆరనిచ్చాం. చెమ్మ ఉన్న చోట ప్లాస్టిక్ కాగితం నాలుగు వైపులా టేప్ వేసి అతికించి ఒక రోజు ఉంచాం. కాగితం లోపలి వైపు నీటి బొట్లు పడితే గోడ ఇంకా తడిగా ఉన్నట్టే. ఆరిన తర్వాతే పగుళ్ల పని మొదలైంది. పగులు మీద లప్పం రాసి ఊరుకోకుండా, దాన్ని వి ఆకారంలో గాడిగా చెక్కి, దుమ్ము దులిపి, సాగే గుణమున్న ఫిల్లర్ నింపారు. ఆ పగుళ్లు మళ్లీ తెరుచుకోలేదు. సన్‌షేడ్ అడుగున కాంక్రీటు పెచ్చులు ఊడి ఇనుప చువ్వలు బయటపడ్డాయి. తుప్పు ఇనుముకంటే చాలా ఎక్కువ చోటు తీసుకుంటుంది, ఆ ఒత్తిడికే కాంక్రీటు పగులుతుంది. చువ్వలను వైర్ బ్రష్‌తో శుభ్రంగా రుద్ది, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన మాలుతో పూడ్చారు. సన్‌షేడ్ అడుగు అంచున సన్నటి గాడి తీయించడం అన్నిటికన్నా చవకైన పని, అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చింది. వాననీరు అడుగున గోడ దాకా పాకకుండా ఆ గాడి దగ్గరే తెగి కింద పడుతుంది. కిటికీ పక్క మరక మళ్లీ కనబడలేదు. పిట్టగోడ పైభాగానికి కూడా బయటికి కాకుండా టెర్రస్ వైపు వాలు ఇప్పించాం, బయటి గోడ మీద నల్లటి చారలు అందుకే తగ్గాయి.

కొత్త ప్లాస్టరింగ్ చేసిన చోట 28 రోజులు ఆగి ప్రైమర్, ఆ తర్వాత రెండు కోట్లు సాగే రకం పెయింట్ వేశారు. వెంట్రుక వాసి పగుళ్లను అది బాగా కప్పింది. ఎండ ఎక్కువ పడే వైపు రంగు కొంచెం వెలిసింది, నీడ వైపు అక్కడక్కడా నాచు పట్టింది, కడిగితే పోయింది. అంతకుమించి ఫిర్యాదు లేదు.

ఇలాంటి పని పెట్టుకునేవాళ్లు ఒప్పంద పత్రంలోనే ఈ మాటలు రాయించుకోండి: పూత తర్వాత 48 గంటల నీటి పరీక్ష, పైపులకు ప్రెషర్ టెస్ట్, టైల్స్ రోజు వాటం పరీక్ష. ఒక్కొక్కటీ ఇంటివాళ్లు ఎదురుగా ఉండగానే జరగాలి. చివరి వాయిదా డబ్బు ఆ మూడూ సరిగ్గా తేలాకే ఇవ్వండి. గోడలో పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయో ప్లాస్టరింగ్‌కు ముందు కొలత టేపు ఆనించి ఫోటోలు తీసి పెట్టుకోండి. గీజర్ మార్చినప్పుడు గోడకు రంధ్రం ఎక్కడ వేయాలో మాకు చెప్పింది ఆ ఫోటోలే.