సుస్థిరాభివృద్ధి కోర్సు కిట్: సరుకు మంచిదే, వరుసే తిరగబడింది

డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థులకు సుస్థిరాభివృద్ధిని పరిచయం చేయాలనుకునే కాలేజీల కోసం హైదరాబాద్‌లో ఒక సంస్థ తయారుచేసిన కిట్ ఇది. సిలబస్, అధ్యాపకుల గైడు, స్లైడ్లు, ఫీల్డు వర్కుషీట్లు, ప్రశ్నల బ్యాంకు, నీటి పరీక్షల పెట్టె ఇస్తారు. మొత్తం మూడు క్రెడిట్లు: రెండు థియరీకి, ఒకటి ఫీల్డుకు. యూజీసీ లెక్కన థియరీ క్రెడిట్‌కు 15 గంటలు, ప్రాక్టికల్ క్రెడిట్‌కు 30 గంటలు. అంటే వారానికి రెండు గంటల క్లాసు, రెండు గంటల ఫీల్డు. 15 వారాల్లో అయిపోతుంది. టైంటేబుల్‌తో పేచీ లేదు. పేచీ అంతా సిలబస్ వరుసతోనే.

మొదటి వారం సుస్థిరాభివృద్ధికి 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ ఇచ్చిన నిర్వచనం (రేపటి తరాల అవసరాలకు దెబ్బ తగలకుండా నేటి అవసరాలు తీర్చుకోవడం), రెండో వారం నుంచి 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు వారానికి రెండు చొప్పున, ఆ వెనకే 169 ఉపలక్ష్యాల పట్టిక. ఇలా చెబితే పిల్లలు రంగురంగుల గుర్తులు బట్టీ పడతారు. ఒక లక్ష్యం కోసం చేసిన పని ఇంకో లక్ష్యాన్ని ఎక్కడ దెబ్బతీస్తుందో మాత్రం అడిగితే చెప్పలేరు. ఈ సబ్జెక్టులో నేర్పాల్సిందే అది.

చిత్రమేమిటంటే దానికి కావలసిన సరుకు కిట్‌లోనే ఉంది, వెనక అనుబంధంలో, 'సమయం ఉంటే' అన్న శీర్షిక కింద. అక్కడున్న కుళాయి నీటి లెక్క చూడండి. హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు వచ్చే నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే దాదాపు 180 మీటర్లు. నగరం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది. తేడా 350 మీటర్లు అనుకుంటే వెయ్యి లీటర్లు అంత పైకి రావడానికి 0.95 యూనిట్ల కరెంటు కావాలి. పంపు, మోటారు కలిపి సామర్థ్యం 70 శాతమైతే అది 1.36 యూనిట్లు అవుతుంది. పైపుల్లో రాపిడి నష్టం అదనం. ఉచిత నీటి పథకం కింద ఇంటికి నెలకు 20 వేల లీటర్లు అనుకుంటే 27 యూనిట్లు, యూనిట్‌కు సుమారు 0.7 కిలోల చొప్పున 19 కిలోల కార్బన్ డయాక్సైడ్. నీరు, కరెంటు, వాతావరణం అనే మూడు లక్ష్యాలు ఒక్క బకెట్‌లోకి వచ్చేస్తాయి. ఈ లెక్కను మొదటి వారానికి తెచ్చి, లక్ష్యాల జాబితాను పన్నెండో వారానికి నెట్టండి. అప్పటికి పిల్లల చేతిలో ఉదాహరణలు ఉంటాయి, జాబితా దానంతటదే అర్థమవుతుంది.

కిట్ మొత్తంలో మంచి భాగం జంట జలాశయాల అధ్యాయం. 1908 మూసీ వరద, ఆ తర్వాత 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్, 1996లో ఈ జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టిన జీవో 111, 1999లో ఎం.వి. నాయుడు కేసులో ముందుజాగ్రత్త సూత్రంపై (హాని రుజువయ్యేదాకా ఆగకుండా ముందే అడ్డుకోవాలని) సుప్రీంకోర్టు తీర్పు, 2022లో ఆంక్షలు ఎత్తేసిన జీవో 69 అన్నీ వరసగా ఉన్నాయి. పాత్రలు పంచి చర్చ పెట్టే పద్ధతి కూడా బాగుంది. ఒక్క మార్పు చేయాలి: 'రైతు' పాత్ర ఒకటే ఇచ్చారు. భూమి అమ్ముకోవాలనుకునే రైతును, అదే భూమిలో సేద్యం చేసుకునే కౌలుదారును వేరు చేయకపోతే చర్చ 'నగరం మంచిది, పల్లె స్వార్థం' అన్న చోటికి జారిపోతుంది. అది అన్యాయం.

ఫీల్డు భాగంలో మాత్రం పెద్ద తప్పే దొర్లింది. నగరానికి ఎగువన గండిపేట (ఉస్మాన్‌సాగర్) దగ్గర, మూసీ నగరం మురుగు కలుపుకుని వచ్చే నాగోల్ దగ్గర నీళ్లు పట్టి, కాలేజీకి తెచ్చి, కరిగిన ఆక్సిజన్ కొలవమన్నారు. దారిలో సీసాలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను తినేస్తూనే ఉంటాయి, సీసా సగం ఖాళీగా ఉంటే పైనున్న గాలి కలుస్తుంది. వచ్చే అంకెకు అర్థం ఉండదు. 300 మిల్లీలీటర్ల బీవోడీ (నీటిలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) సీసాను బుడగ లేకుండా నింపి, ఒడ్డునే మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ అజైడ్ ద్రావణాలు ఒక్కో మిల్లీలీటరు సీసా మూతి నుంచి లోపలికి వదిలి, మూతేసి తిప్పాలి. గోధుమరంగు అవక్షేపం దిగితే ఆక్సిజన్ ఉన్నట్టు. తెల్లగానే ఉండిపోతే లేనట్టు. నాగోల్ నీళ్లలో ఆ తెలుపు కనబడితే, దానిమీద ఒక స్లైడు కూడా అక్కర్లేదు. ఆక్సిజన్ ఎంతో అంకె తేల్చే టైట్రేషన్‌ను తర్వాత కాలేజీలో చేసుకోవచ్చు. బీవోడీకైతే మురుగునీటిని పలచన చేయకుండా పెడితే 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు కాకముందే ఆక్సిజన్ సున్నాకు వస్తుంది, అసలు విలువ తెలియకుండా పోతుంది. పలచన చేసే పట్టిక గైడులో లేదు, మీరే వేసుకోవాలి. పిల్లల్ని నీళ్లలోకి దిగనివ్వకండి. వంతెన మీంచి తాడు కట్టిన బకెట్ చాలు, చేతికి గ్లవుజులు ఉండాలి.

తెలుగు మీడియం పిల్లల కోసం ఇచ్చిన పదకోశం చదవలేం. క్యారీయింగ్ కెపాసిటీని 'మోసుకెళ్లే సామర్థ్యం' అన్నారు, లారీ గురించి చెబుతున్నట్టు. 'నేల భరించగలిగినంత' అంటే ఎవరికైనా తెలుస్తుంది.

ప్రశ్నల బ్యాంకులో చాలావరకు సంవత్సరాలు, పేర్లే అడిగారు, వాటికి 20 మార్కులకు మించి కేటాయించకండి. మిగతా మార్కులు ఫీల్డు నోట్‌బుక్‌కూ లెక్కలకూ వేయండి. తీసుకునే ముందు రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి: రసాయనాల గడువు తేదీ ఎప్పటిదాకా, స్లైడ్లు మార్చుకునే హక్కు మీకు ఉంటుందా లేదా. ఫైళ్లు పీడీఎఫ్‌లో మాత్రమే ఇస్తామంటే వరుస మార్చడానికి వీలుండదు, అలాంటప్పుడు ఈ కిట్ కొనకండి.