హెర్క్యులీస్, టీకే4-: లైనక్స్ పక్కనే ఒక మెయిన్‌ఫ్రేమ్

బ్యాంకుల వంటి పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటరైన ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ను మామూలు లైనక్స్ కంప్యూటరులో అనుకరించే హెర్క్యులీస్ అనే ఓపెన్ సోర్స్ ఎమ్యులేటరును రోజర్ బౌలర్ 1999లో మొదలుపెట్టారు. పాత సిస్టమ్/370 మొదలు నేటి జడ్/ఆర్కిటెక్చర్ వరకు ఐబీఎం యంత్రాల నిర్మాణాలు దీనికి తెలుసు. అయితే ఎమ్యులేటరు ఖాళీ యంత్రం మాత్రమే. దాని మీదికి ఎక్కించడానికి 1981 నాటి ఆపరేటింగ్ సిస్టమ్ ఎంవీఎస్ 3.8జెను యుర్గెన్ వింకెల్‌మన్ టీకే4- అనే ప్యాకేజీగా సిద్ధం చేసి పెట్టారు. ఈ సమీక్ష ఆ రెండింటి జోడీ గురించి.

ఇన్‌స్టలేషన్‌లో చెప్పుకోదగ్గ చిక్కులేవీ లేవు. జిప్ ఫైలు విప్పి అందులోని స్క్రిప్టును నడిపిస్తే సిస్టమ్ దానంతట అదే ఐపీఎల్ (అంటే బూట్) అవుతుంది. ఎక్స్3270 అనే టెర్మినల్ ప్రోగ్రాముతో లాగాన్ అయితే, ఆదేశాలు టైపు చేసే టీఎస్‌ఓ చేతికి వస్తుంది. చిరునామాలు 24 బిట్లే కనుక ఆ యంత్రానికి 16 ఎంబీ మెమరీ సరిపోతుంది, పాత ల్యాప్‌టాప్ కూడా దాన్ని అవలీలగా మోస్తుంది.

నన్ను అన్నిటికంటే మెప్పించినది కార్డు రీడరు ఏర్పాటు. లైనక్స్‌లో మనకు అలవాటైన ఎడిటరులో రాసుకున్న జేసీఎల్‌ను (ఏ జాబ్ ఎలా నడవాలో మెయిన్‌ఫ్రేమ్‌కు చెప్పే భాష) నెట్‌క్యాట్ అనే నెట్‌వర్క్ ఆదేశంతో 3505 పోర్టుకు పంపితే, అక్షరాలు దారిలోనే ఆస్కీ నుంచి మెయిన్‌ఫ్రేమ్ అక్షర సంకేతమైన ఎబ్సిడిక్‌లోకి మారిపోతాయి, జాబులను వరుసలో పెట్టి నడిపించే జెస్2 దాన్ని పంచ్ కార్డుల కట్టగానే భావించి చదువుకుంటుంది, జాబ్ ముగిశాక కాగితం మీద పడవలసిన లిస్టింగ్ లైనక్స్ వైపు ఒక టెక్స్ట్ ఫైలులో చేరుతుంది. ఆ ఫైలును గ్రెప్‌తో వెతుక్కోవచ్చు, జేసీఎల్‌ను గిట్‌లో దాచుకోవచ్చు. (3505 అసలు ఐబీఎం కార్డు రీడరు మోడల్ నంబరే, పోర్టుకు అదే అంకె పెట్టినవారి సరదాను మెచ్చుకోవాలి.) న్యూమరిక్ ఫీల్డులో స్పేసులు పడితే, అసలు మెయిన్‌ఫ్రేమ్‌లో వచ్చే ఎస్0సీ7 అబెండే (తప్పు డేటా వల్ల ప్రోగ్రాము మధ్యలో ఆగిపోవడం) ఇక్కడా వస్తుంది. జాబ్ ఎలా పడిపోతుందో, అప్పటి మెమరీ నకలైన డంప్‌ను ఎలా చదవాలో నేర్చుకోవడానికి ఇంతకంటే చవకైన మార్గం నాకు కనిపించలేదు.

అయితే అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్‌లో మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేసి, ఆ నోట్సులోని ప్రోగ్రాములను ఇందులో నడపాలనుకునేవారికి నిరాశ తప్పదు. ఇందులోని కోబాల్ (మెయిన్‌ఫ్రేముల్లో ఎక్కువగా వాడే ప్రోగ్రామింగ్ భాష) కంపైలరు 1960ల ప్రమాణానికి చెందినది. 1985 ప్రమాణంతో వచ్చిన ఎండ్-ఇఫ్, ఎవాల్యుయేట్ దానికి తెలియవు కాబట్టి, ప్రతి ఇఫ్‌నూ ఫుల్‌స్టాపుతోనే ముగించాలి, ఒకదానిలో ఒకటి ఇమిడిన ఇఫ్‌లను కొన్నిచోట్ల విడదీసి రాసుకోవలసి రావచ్చు. డీబీ2 డేటాబేస్ లేదు, లావాదేవీలను నడిపించే ఐబీఎం వారి సీఐసీఎస్ లేదు, మెనూలు, ఎడిటరు ఉండే ఐఎస్‌పీఎఫ్ స్థానంలో దాన్ని పోలిన ఆర్ఎఫ్ఈతో సరిపెట్టుకోవాలి. ఇంటర్వ్యూలలో ఎక్కువగా అడిగేది ఇక్కడ లేని వాటి గురించే. ఎంవీఎస్‌కు నేటి రూపమైన జడ్/ఓఎస్‌ను హెర్క్యులీస్ మీద నడపడానికి ఐబీఎం లైసెన్సు ఇవ్వదు. అది కావలసినవారు ఐబీఎం ఉచితంగా నడిపే ఆన్‌లైన్ శిక్షణ వేదిక జడ్ ఎక్స్‌ప్లోరులో చేరడమే సరైన దారి.

హెర్క్యులీస్ మీద ఎస్390ఎక్స్ డెబియన్ (మెయిన్‌ఫ్రేముల కోసం తయారైన డెబియన్ లైనక్స్) కూడా ఎక్కుతుంది. మెయిన్‌ఫ్రేముల కోసం లైనక్స్ కెర్నల్‌కు చేసిన మార్పులను ఐబీఎం 1999 డిసెంబరులోనే బయటపెట్టింది కనుక ఆ దారి పాతదే, కానీ ప్రతి ఆదేశాన్నీ అనుకరించవలసి రావడంతో ప్యాకేజీల ఇన్‌స్టలేషన్‌కే చాలా ఓపిక కావాలి. కుతూహలానికి తప్ప దాన్ని నేను సిఫారసు చేయను.

ఎంవీఎస్‌ను మాత్రం షట్‌డౌన్ చేయకుండా విండో మూసేయకండి, డిస్కు ఫైలు చెడిపోవచ్చు. ముందే డిస్కుల ఫోల్డరును మరోచోట కాపీ చేసి పెట్టుకుంటే, జాబులు, లిస్టింగులు నిలిచే స్పూల్ నిండినా, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే కేటలాగు పాడైనా ఆ కాపీని తిరిగి పెట్టి మళ్లీ ఐపీఎల్ చేసుకోవచ్చు.