డబ్బా చూసి బ్రేక్ ప్యాడ్లు కొన్నాను, డిస్కులు కూడా పోయాయి

కారుకి బ్రేక్ ప్యాడ్లు మార్పించబోతున్న వాళ్లకి ముందే చెప్పేస్తున్నా. పేరున్న కంపెనీ డబ్బా, దాని మీద తళతళలాడే హోలోగ్రామ్ చూసి డబ్బులిచ్చేయకండి. ప్యాడ్ బయటికి తీయించి చేత్తో పట్టుకుని చూడండి. నేను చూడలేదు. 950 రూపాయల ప్యాడ్లతో మొదలైన ఖర్చు 8,500 దాటింది. డబ్బు పోతే పోయింది, శ్రీశైలం ఘాట్‌లో ఓ పది నిమిషాలు గుండె చేతిలో పట్టుకుని నడిపాను.

మాది 2016 హ్యాచ్‌బ్యాక్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. 62,000 కిలోమీటర్ల దగ్గర ముందు చక్రంలోంచి సన్నగా కీచుమని చప్పుడు మొదలైంది. ప్యాడ్ అరిగిపోవచ్చినప్పుడు దానికున్న చిన్న ఇనప రేకు డిస్కుని గీరుతూ అలా అరుస్తుంది, దాన్ని పెట్టేదే అందుకు. షోరూమ్‌లో అడిగితే ప్యాడ్లు, కూలీ కలిపి మూడు వేల పైమాట అన్నారు. విజయవాడలో ఉండి, ఆటోనగర్ పక్కన పెట్టుకుని, అంత ఎందుకు పోయాలి అనుకున్నా.

షాపులో కుర్రాడు కారు పేరు వినగానే లోపలికెళ్లి డబ్బా తెచ్చాడు. ఏ సంవత్సరం, ఏ వేరియంట్ అని ఒక్క ముక్క అడగలేదు. అదే కారులో మోడల్ సంవత్సరాన్ని బట్టి క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కి పట్టే భాగం), ప్యాడ్ సైజు మారిపోవచ్చు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. “ఒరిజినలేనండీ, ఎమ్మార్పీ చూడండి, మీకు హోల్‌సేల్ రేటేశాను” అన్నాడు. బిల్లడిగితే తెల్ల కాగితం మీద అంకె రాసిచ్చాడు. షాపు ముద్ర కూడా లేదు.

బిగించేటప్పుడు మా మెకానిక్ డిస్కు అంచుని వేలితో తడిమి, “అంచు లేచింది సార్, కొలిపించి, మందం ఉంటే లేత్ మీద ఫేసింగ్ కొట్టిద్దామా?” అన్నాడు. ఫేసింగ్ అంటే డిస్కు పైపొర చెక్కి చదును చేయడం. ఇంకో రోజు కారు వదిలేయాలని నేనే వద్దన్నా. ఇది నా తప్పే, షాపువాడి మీదకి నెట్టను. డిస్కు మీద గాట్లు పడి ఉంటే కొత్త ప్యాడ్ పూర్తిగా ఆనదు, ఎత్తుగా ఉన్న చోట్లే రాసుకుని అక్కడే కాలిపోతుంది.

రెండు వారాలు బాగానే ఉంది. చక్రాల మీద జిడ్డు జిడ్డుగా నల్లటి పొడి మామూలుకన్నా ఎక్కువే పడుతోంది, కొత్తవి కదా అనుకున్నా. తర్వాత శ్రీశైలం వెళ్లాం. తిరుగు ప్రయాణంలో శిఖరం దాటి దోర్నాల వైపు దిగుతుంటే, నాలుగైదు మలుపులయ్యేసరికి పెడల్ గట్టిగానే ఉంది, బండి మాత్రం ఆగట్లేదు. స్టీరింగ్ చేతుల్లో వణుకుతోంది. కాలిన వాసన. మూడో గేర్లోంచి రెండుకి, ఒకటికి దింపుకుంటూ ఎలాగో వెడల్పు చోట పక్కకి ఆపాను. వెనక సీట్లో అమ్మ మల్లన్నా మల్లన్నా అంటూనే ఉంది. మా ఆవిడ నీళ్ల బాటిల్ తీసి చక్రం మీద పోయబోతే ఆపాను. అంత వేడి మీద చన్నీళ్లు పడితే డిస్కు వంకరపోవచ్చు, పగలనూవచ్చు. ముప్పావు గంట అలాగే ఆరనిచ్చి, రెండో గేర్లో దిగాం.

పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతే బ్రేక్ ఆయిల్ మరిగిందనో, గాలి చేరిందనో, లీకుందనో చూడాలి. నాకలా కాలేదు, పెడల్ గట్టిగానే ఉండి పట్టు పోయింది. అంటే వేడికి ప్యాడ్ చేతులెత్తేసింది.

ఇంటికొచ్చి విప్పించాక తెలిసింది అసలు రంగు. ఒక ప్యాడ్ మీద అడ్డంగా పగులు. ఇంకోదాని మూల గోటితో గిల్లితే బెల్లం అచ్చులా రాలింది. వెనక ఇనప ప్లేటుకీ, రాసుకునే పదార్థానికీ మధ్య పోస్ట్‌కార్డు దూరేంత సందు. పాత ప్యాడ్ పక్కన పెట్టి చూస్తే తేడా పిల్లాడికైనా తెలుస్తుంది. పాతదానికి రెండు చివర్లా ఏటవాలు కోత ఉంది, దీనికి లేదు. పాతదాని నంబర్లు ప్లేటులోకి అచ్చు దిగి ఉన్నాయి, దీనికి స్టిక్కర్. చాలా ప్యాడ్ల అంచున ఎఫ్‌ఎఫ్, ఈఎఫ్ లాంటి అక్షరాలుంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాగినప్పటి పట్టు. పట్టుని ఘర్షణ గుణకంతో కొలుస్తారు: ‘ఈ’ అక్షరమైతే 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ అయితే 0.35 నుంచి 0.45. నావాటి మీద ఏమీ లేవు. ఉన్నా నమ్మేయలేం, అక్షరాలు అచ్చేయడం ఎంతసేపు! అందుకే పాత ప్యాడ్ పారేయకండి, షాపుకి జేబులో వేసుకెళ్లండి.

డిస్కుల మీద నీలం మచ్చలు పడ్డాయి. మినిమమ్ మందం ఎంతో డిస్కు మీదే ఉంటుంది, తుప్పు తుడిచి వెతకాలి. మెకానిక్ కొలిస్తే మాది అప్పటికే దానికన్నా కింద ఉంది. ఇక ఫేసింగ్ మాట లేదు, రెండూ మార్చాల్సిందే. ఒక్కవైపే మారిస్తే బ్రేక్ వేసినప్పుడల్లా బండి పక్కకి లాగొచ్చు.

డల్లాస్‌లో ఉన్న మా బావమరిది ఫోన్లో “రంధ్రాలున్న రోటర్లు వేయించు బావా, చల్లగా ఉంటాయి” అన్నాడు. రోటర్లంటే డిస్కులే. ఆఫీసుకెళ్లొచ్చే బండికి అవి దండగ. పైగా చౌకరకంలో ఆ రంధ్రాల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. మామూలు డిస్కులే, పార్ట్ నంబర్ సరిచూసుకుని, జీఎస్టీ బిల్లుతో తీసుకున్నా.

ఈసారి బిగించేటప్పుడు పక్కనే నిలబడ్డాను. డిస్కు కూర్చునే హబ్ మీద తుప్పు బ్రష్‌తో గీకించాను, అది ఉంటే కొత్త డిస్కు కూడా ఊగుతుంది. తుప్పు పట్టకుండా డిస్కుకి పూసిన నూనె క్లీనర్‌తో తుడిపించాను. క్యాలిపర్ పిన్నులకి బ్రేకుల గ్రీజే పెట్టించాను. చక్రం నట్లు గన్‌తో టకటకా బిగించబోతే వద్దని, ఎదురెదురుగా టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువో కొలిచి బిగించే పానా) బిగించమన్నాను. “సార్, మీరొచ్చి చేసేయండి” అన్నాడు నవ్వుతూ. మొదటి 300 కిలోమీటర్లు సడన్ బ్రేక్ పడకుండా చూసుకున్నా.

మొదటి షాపుకెళ్తే “బిగించిన సామాను వాపస్ తీసుకోమండీ” అన్నారు. సరైన బిల్లు లేదు కాబట్టి నా నోరూ లేవలేదు. మీ దగ్గర బిల్లుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. వెనక డ్రమ్ముల్లో ప్యాడ్ల పని చేసే షూలు కూడా పోయిన ఏడాది అదే షాపులో కొన్నవే. ఈ ఆదివారం అవి విప్పిస్తున్నా.