తార్నాక శనివారం బైబిల్ క్లాసు: కృప వైపు నుంచి చదవాలనుకునేవాళ్ళ కోసం ఒక రివ్యూ

బైబిల్ తెరిస్తే ధైర్యం రావాల్సింది పోయి టెన్షన్ వస్తోందని చెప్పే విశ్వాసులు మన తెలుగు సంఘాల్లో చాలామంది ఉన్నారు. పొద్దున ప్రార్థన తప్పితే ఆ రోజు ఏదో జరుగుతుందని, దశమభాగం, అంటే ఆదాయంలో పదో వంతు కానుక, ఒక నెల ఇవ్వకపోతే ఇంట్లో జబ్బులు వస్తాయని, ఉద్యోగం పోతే ఏ పాపం మిగిలిపోయిందోనని వెతుక్కోవడం. అలాంటివాళ్ళ కోసమే ఈ రివ్యూ రాస్తున్నాను. తార్నాక మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక ఇంటి పై అంతస్తు హాల్లో శనివారం సాయంత్రాలు బైబిల్ క్లాసు జరుగుతోంది. బోర్డు లేదు, పేరూ పెట్టుకోలేదు, యూట్యూబ్ ఛానల్ కూడా లేదు. తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళకి చెప్పుకుని వస్తారు. కొత్త నిబంధనలో పౌలు రాసిన గలతీ పత్రికను మొదటి వచనం నుంచి ఆరో అధ్యాయం చివరి వరకు ఒక్క వచనం కూడా వదలకుండా చదివించారు, నేను మొత్తం కూర్చున్నాను. ఇప్పుడు రోమా పత్రిక నడుస్తోంది.

ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కృప, అంటే మన అర్హత చూడకుండా దేవుడు చూపే దయ, అనగానే మన దగ్గర రెండు రకాల అనుమానాలు వస్తాయి. ఒకటి, వీళ్ళు పాపం చేసినా ఫర్వాలేదంటారేమో అని. రెండోది, పాత నిబంధన పక్కన పెట్టేయమంటారేమో అని. ఇక్కడ రెండూ లేవు. అసలు మొదలుపెట్టడమే నిర్గమకాండంతో మొదలుపెట్టారు. పస్కా గొర్రెపిల్ల రక్తం 12వ అధ్యాయంలో, సముద్రం దాటడం 14లో, పది ఆజ్ఞలు 20లో. ఆ 20వ అధ్యాయంలో కూడా మొదటి ఆజ్ఞకి ముందు రెండో వచనంలో "ఐగుప్తు దేశం నుంచి, దాసుల గృహం నుంచి నిన్ను బయటికి తెచ్చిన దేవుణ్ణి నేనే" అనే మాట ఉంది. అంటే ఆజ్ఞలు బాగా పాటించారు కాబట్టి విడిపించలేదు, విడిపించిన తర్వాతే ఆజ్ఞలు ఇచ్చాడు. చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో పది ఆజ్ఞలు కంఠతా చెప్పినవాళ్ళమే అందరం, కానీ ఆ రెండో వచనం వదిలేసి మూడో వచనం నుంచి చెప్పేవాళ్ళం. ఈ వరుస ఒక్కటి పట్టుకుంటే బైబిల్ మొత్తం వేరేలా కనిపిస్తుంది, నాకైతే ఈ క్లాసు ఇచ్చిన అతి పెద్ద మేలు ఇదే. ఏ భాగం చదివినా, నేనేం చెయ్యాలి అని అడిగే ముందు ఇక్కడ దేవుడు ఏం చేశాడు అని అడగమంటారు. తర్వాత, ఇది ఎవరితో అన్న మాట అని. మూడోది, ఈ మాట సిలువ దగ్గరికి ఎలా వస్తుంది అని. ప్రతివారం ఇవే మూడు ప్రశ్నలు, మార్చరు.

చెప్పేది రిటైరైన ఒక లెక్చరర్ గారు, అందరూ సార్ అనే పిలుస్తారు. ఆయన భార్యని అక్క అంటారు, పాత నిబంధన భాగాలు ఎక్కువగా ఆవిడే చెబుతారు, నిజం చెప్పాలంటే ఆవిడ చెప్పే తీరు నాకు ఇంకా నచ్చింది. గొంతు పెంచరు. మైకు లేదు, కీబోర్డు లేదు, మధ్యలో హల్లెలూయా చెప్పించడం లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి ఒక పాట పాడి కూర్చుంటారు, అంతే.

గలతీ మూడో అధ్యాయం రోజు గురించి రాయకుండా ఉండలేను. 10 నుంచి 13 వరకు ఉన్నవి నాలుగే వచనాలు, ఆ నాలుగింటిలో పౌలు పాత నిబంధన నుంచి నాలుగు మాటలు ఎత్తి చెబుతాడు. ద్వితీయోపదేశకాండం 27లోని శాపం, హబక్కూకు 2లోని నీతిమంతుడు విశ్వాసం వల్ల జీవిస్తాడనే మాట, లేవీయకాండం 18, మళ్ళీ ద్వితీయోపదేశకాండం 21లోని మ్రాను మీద వేలాడినవాడి సంగతి. మామూలుగా ప్రసంగాల్లో ఇవి గబగబా దాటేస్తారు. ఇక్కడ ప్రతి ఒక్కటీ అసలు చోటికి వెళ్ళి, ముందు వెనకలు చదివించి, తిరిగి గలతీకి తీసుకొచ్చారు. అది అయ్యేసరికి ఆ సాయంత్రం అయిపోయింది. క్రీస్తు మన కోసం శాపమై ధర్మశాస్త్రపు శాపం నుంచి మనల్ని విడిపించాడనే 13వ వచనం అప్పుడు చదివితే, అది గోడ మీద వచనంలా లేదు, ఒక కేసు మొత్తం విన్నాక వచ్చిన తీర్పులా ఉంది.

దాని తర్వాత సహజంగానే ద్వితీయోపదేశకాండం 28 మీద ప్రశ్నలు వచ్చాయి. మన దగ్గర ఆ అధ్యాయం ఎలా వాడతారో తెలిసిందే. మొదటి 14 వచనాల ఆశీర్వాదాలు జనవరి ఒకటిన, 15 నుంచి 68 దాకా ఉన్న శాపాలు కానుకలు తగ్గినప్పుడు. అక్క ఒక్కటే అడిగారు, ఈ మాటలు ఎవరు ఎక్కడ నిలబడి ఉండగా చెప్పినవి అని. మోయాబు దేశంలో, కనాను గడప మీద నిలబడిన ఇశ్రాయేలు జనాంగంతో, ఆ దేశంలో వాళ్ళ కాపురం గురించి చేసిన నిబంధన అది. ఉప్పల్లో అద్దె ఇంట్లో ఉంటున్న ఒక విశ్వాసికి బోరు ఎండిపోతే దాన్ని ఆ లిస్టులోని శాపంగా అంటగట్టకూడదన్నారు. వంశపు శాపాలు తెంచే ప్రార్థనల గురించి ఒకాయన అడిగితే యెహెజ్కేలు 18 తెరిపించారు. తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్ళు పులిశాయనే సామెత ఇక మీదట మీరు పలకకూడదని దేవుడే అంటాడక్కడ. ఆ అడిగినాయన ఆ అధ్యాయం ఫోన్లో ఫొటో తీసుకున్నారు.

దశమభాగం సంగతి కూడా దాటెయ్యలేదు. మలాకీ 3:10లోని మందిరపు నిధి అంటే ఏమిటి, మందిర సేవ చేసే లేవీయులకి భూమి స్వాస్థ్యం లేకపోవడం ఏమిటి, ద్వితీయోపదేశకాండం 14 ప్రకారం మూడో ఏటి దశమభాగం పరదేశికి, తండ్రిలేనివాడికి, విధవరాలికి కూడా చేరాలని ఉండడం ఏమిటి, ఇవన్నీ చూపించి, ఆ తర్వాత 2 కొరింథీ 8, 9 అధ్యాయాలు చదివించారు. యెరూషలేములోని పేద పరిశుద్ధుల కోసం చందా పోగుచేసే సందర్భం అది. సణుక్కుంటూ కాదు, బలవంతంగా కాదు, ఉత్సాహంగా ఇచ్చేవాణ్ణి దేవుడు ప్రేమిస్తాడని అక్కడుంది. ఇవ్వొద్దని ఎవరూ అనలేదు. భయంతో ఇవ్వొద్దన్నారు. పదికి మించి ఇవ్వగలిగినవాళ్ళు ఇవ్వండన్నారు. ఈ క్లాసుకి ఫీజు లేదు, కానుకల సంచి తిప్పరు, గూగుల్ పే నంబరు గోడ మీద లేదు. ఈ విషయంలో చెప్పేదీ చేసేదీ ఒకటిగా ఉండడం నాకు చాలా ముఖ్యం అనిపించింది.

కొత్త ఏడాదికి ఒక బైబిల్ వచనం రాసి ఇచ్చే వాగ్దాన కార్డుల సంగతి చాలామందికి ఆసక్తిగా ఉంటుంది కాబట్టి అదీ రాస్తాను. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వచ్చే కార్డు మీద తరచుగా కనిపించే యిర్మీయా 29:11 తీసుకున్నారు ఒక వారం. అది బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన జనానికి యిర్మీయా రాసిన ఉత్తరంలోది, దానికి ముందు వచనంలోనే 70 ఏళ్ళు అని ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి రావడం చూడకుండానే చనిపోయి ఉంటారు. కార్డు తీసెయ్యమనలేదు సార్, ఉత్తరం మొత్తం చదివి అప్పుడు గోడకి పెట్టుకోండన్నారు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఆ ఉత్తరంలోనే ఉంది మరి. హైదరాబాదుకు ఊళ్ళు వదిలి వచ్చినవాళ్ళమే సగంమంది ఆ గదిలో, ఆ మాట దగ్గర కాసేపు ఎవరూ ముందుకి కదల్లేదు.

చివరి పావుగంట ప్రశ్నలకి. చీటీ మీద రాసి ఇవ్వొచ్చు, పేరు అక్కర్లేదు. ఒక తల్లి నేరుగానే అడిగింది, తన బిడ్డ పుట్టుకతోనే ఉన్న జబ్బుకి తన పాపమే కారణమని బంధువులు అంటున్నారని. అక్క యోహాను 9 మొదటి మూడు వచనాలు చదివారు, ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే వీడూ కాదు, వీడి కన్నవాళ్ళూ కాదని యేసు చెప్పిన చోటు. వివరణ ఏమీ ఇవ్వకుండా ఆవిడ పక్కన వెళ్ళి కూర్చున్నారు. సార్ తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపోయారు. ఈ క్లాసు గురించి ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది ఇదే.

ఇక నాకు నచ్చనివి. యాకోబు పత్రిక రెండో అధ్యాయాన్ని ఒక గంటలో ముగించారు, అది సరిపోదు. రోమా 4లో పౌలు ఆదికాండం 15:6 పట్టుకుని అబ్రాహాము క్రియలు లేకుండానే నీతిమంతుడయ్యాడంటాడు, యాకోబు అదే వచనం ఎత్తి, దానికి ఆదికాండం 22లో ఇస్సాకును అర్పించిన సంగతి జోడించి క్రియలు లేని విశ్వాసం చచ్చినదంటాడు. రెండు సంఘటనల మధ్య ఏళ్ళ తరబడి కాలం గడిచింది, ఆ కాలాన్ని నిదానంగా చూపిస్తే ఇద్దరూ ఒకరికొకరు ఎదురు కాదని ఎవరికైనా తెలుస్తుంది. ప్రొటెస్టెంట్ సంస్కరణ మొదలుపెట్టిన లూథర్ అంతటివాడే యాకోబు పత్రికను గడ్డి పత్రిక అన్నాడు కాబట్టి ఇది చిన్న ముడి కాదు. కృప గురించి మాట్లాడే క్లాసులో అన్నిటికంటే ఎక్కువ టైమ్ ఇవ్వాల్సింది దీనికే.

రెండో అభ్యంతరం ఇంకాస్త పెద్దది. అప్పుడప్పుడు పాఠం చెప్పడానికి వచ్చే ఒక కుర్రాడు, కొండ మీది ప్రసంగం సిలువకి ముందు చెప్పింది కాబట్టి అది మనకి కాదని, 1 యోహాను 1:9లోని పాపాలు ఒప్పుకోవడం అనేది ఇంకా నమ్మనివాళ్ళకే అని అన్నాడు. ఇది నేను ఒప్పుకోను. ఆ పత్రికలో రెండో అధ్యాయం మొదటి మాటే "నా చిన్నపిల్లలారా" అని ఉంది, ఎవరైనా పాపం చేస్తే మనకు ఒక ఉత్తరవాది, అంటే మన తరఫున మాట్లాడేవాడు, ఉన్నాడని అంటోంది. తండ్రి ప్రేమ పోదని తెలిసిన బిడ్డే కదా తప్పు ఒప్పుకోవడానికి భయపడనిది. కొండ మీది ప్రసంగం సంగతికొస్తే, సమస్త జనాలకీ తాను ఆజ్ఞాపించినవన్నీ నేర్పమని మత్తయి చివరి అధ్యాయంలో, పునరుత్థానం తర్వాత, యేసే చెప్పాడు. సార్ ఆ వారం చివర్లో తీతు 2:11, 12 చదివించి, భక్తిహీనతను వదిలిపెట్టమని నేర్పేది కూడా కృపేనని సర్దిచెప్పారు కానీ, ఆ మాట గట్టిగానే అనాల్సింది. కొత్తవాళ్ళు ఆ ఒక్క వారమే వచ్చి వెళ్ళిపోతే తప్పుడు అభిప్రాయంతో వెళ్తారు.

ఏర్పాట్ల విషయం క్లుప్తంగా. సాయంత్రం ఐదున్నరకి మొదలు, ఏడున్నరకి ముగియాలి, ఎనిమిది దాటుతుంది ఒక్కోసారి, దూరం నుంచి వచ్చే ఆడవాళ్ళకి అది ఇబ్బంది. లిఫ్ట్ లేదు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి మెట్లు కష్టం. సందు ఇరుకు, బైకు పెట్టుకోవచ్చు, కారు మాత్రం తేవద్దు, మెట్రోలో రావడమే నయం. పిల్లల్ని చూసుకోవడానికి పక్క గదిలో ఎవరో ఒకరు ఉంటారు. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఇస్తారు. చదివేది పాత తెలుగు అనువాదమే, మన చర్చిల్లో అందరి చేతుల్లో ఉండేది, ఇంగ్లీష్ మీడియం పిల్లలు అందులో తడబడుతున్నారు, వాళ్ళ కోసం ఆ వారం భాగాన్ని వాడుక భాషలో జిరాక్స్ తీసి ఇస్తే బాగుంటుంది. రికార్డింగ్ ఒప్పుకోరు, ప్రశ్నలడిగేవాళ్ళ కోసం అట. అది సరైన నిర్ణయమే. వాట్సాప్ గ్రూపులో వచ్చే వారం చదవాల్సిన అధ్యాయం తప్ప ఇంకేమీ రాదు, గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు కూడా రావు.

మీ సంఘం మానేసి రమ్మని ఇక్కడ ఎవరూ అడగరు, ఆదివారం ఎవరి చర్చికి వాళ్ళు వెళ్తారు. సీఎస్‌ఐ వాళ్ళున్నారు, బాప్టిస్టులున్నారు, పెంతెకోస్తువాళ్ళున్నారు, క్యాథలిక్ అమ్మాయిలు ఇద్దరు వస్తున్నారు. స్వస్థత ప్రార్థనలు, ప్రవచనాలు కోరుకునేవాళ్ళకి ఇది సరిపోదు. నోటుబుక్కు, పెన్ను తెచ్చుకుని, ఒక అధ్యాయం మీద రెండు గంటలు కూర్చునే ఓపిక ఉన్నవాళ్ళకి, ముఖ్యంగా బైబిల్ అంటే భయం పట్టుకున్నవాళ్ళకి, గట్టిగా చెబుతున్నాను, వెళ్ళండి. ఐదుకి నాలుగు ఇస్తున్నాను, తగ్గించిన ఒకటీ యాకోబు పత్రిక కోసం. రోమాలో ఇప్పుడు ఐదో అధ్యాయం దగ్గరున్నారు, ఎనిమిదో అధ్యాయానికి ముందు చేరితే మంచిది, మధ్యలో వచ్చినవాళ్ళకి వెనకటి నోట్సు అక్క ఇస్తారు.