బ్లాక్‌మ్యాజిక్ పాకెట్ 4కె: బాడీ ధర కాదు, కిట్ ధర చూసి కొనండి

2018లో బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ సంస్థ ఈ కెమెరాను 1295 డాలర్లకు ప్రకటించింది. ఆ ధరకు రా ఫార్మాట్‌లో (సెన్సరు పట్టిన సమాచారాన్ని దాదాపు అలాగే దాచే పద్ధతి) 4కె రికార్డు చేసే సినిమా కెమెరా రావడం అప్పట్లో పెద్ద సంగతే. షార్ట్ ఫిల్ముతో మొదలుపెడదామనుకునేవాళ్లు, కెమెరా అసిస్టెంటు నుంచి సొంతంగా డీఓపీ (ఛాయాగ్రాహకుడు) పనిలోకి దిగేవాళ్లు ఇప్పటికీ దీని గురించే ముందు అడుగుతున్నారు. చాలాకాలం వాడాక నా తీర్పు మొదటే చెప్పేస్తాను. ఇమేజ్ విషయంలో ఇది ఎక్కడా తల దించుకోనివ్వదు. కష్టమంతా దాని చుట్టూ ఉంది: కరెంటు, స్టోరేజీ, ఎన్‌డీ (వెలుతురు తగ్గించే ఫిల్టరు), లెన్సు. ఈ నాలుగింటికీ డబ్బు విడిగా పెట్టుకోకుండా బాడీ ఒక్కటే కొంటే మొదటి రోజు మధ్యాహ్నానికే షూటింగ్ ఆగుతుంది.

ముందు ఇమేజ్ సంగతి. సెన్సరు 18.96 × 10 మిల్లీమీటర్లు, 4096 × 2160 రిజల్యూషన్‌లో సెకనుకు 60 ఫ్రేముల వరకు తీస్తుంది. కంపెనీ చెప్పే డైనమిక్ రేంజ్, అంటే ఒకే ఫ్రేములో నీడ నుంచి వెలుగు దాకా పట్టుకోగల తేడా, 13 స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు). కొత్తవాళ్లు తడబడేది ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) దగ్గర. ఇందులో రెండు నేటివ్ ఐఎస్‌ఓలు (సెన్సరు బాగా పనిచేసే స్థాయిలు) ఉన్నాయి, 400, 3200. 100 నుంచి 1000 దాకా ఒక వరస, 1250 నుంచి 25600 దాకా ఇంకో వరస. రాత్రి ఇంట్లో సీను తీస్తూ వెలుతురు చాలక 400 నుంచి 640కి, 800కి, 1000కి ఎక్కించుకుంటూ పోతారు. నీడల్లో గ్రెయిన్ పెరుగుతూ ఉంటుంది. ఇంకొక్క మెట్టు ఎక్కి 1250 పెడితే నీడలు ఒక్కసారిగా శుభ్రపడతాయి, ఎందుకంటే అక్కడ రెండో వరస మొదలవుతుంది. కానీ దానికీ ఒక ఖరీదు ఉంది. 1000 దగ్గర హైలైట్లకు ఉన్న జాగా 1250కి రాగానే బాగా తగ్గిపోతుంది. ఫ్రేములో ట్యూబులైటో, దీపమో, తెరిచిన కిటికీనో ఉంటే అది తెల్లగా కాలిపోతుంది. అందుకే పగలు 400, చీకటైతే 3200 అని రెండే అంకెలు పెట్టుకుంటే మంచిది. బ్లాక్‌మ్యాజిక్ రాలో (ఈ కంపెనీ సొంత రా ఫార్మాట్) ఒకే వరసలోని ఐఎస్‌ఓను తర్వాత ఎడిటింగ్‌లో మార్చుకోవచ్చు. ఒక వరసలో తీసింది రెండో వరసకు మారదు.

ఎక్స్‌పోజరు కొలవడానికి ఫాల్స్ కలర్ (వెలుతురు స్థాయిని రంగుల్లో చూపే సౌకర్యం) ఆన్ చేయండి. స్క్రీను చూసి కంటితో అంచనా వేయొద్దు. ఎరుపు పడినచోట హైలైట్ పోయినట్టు, ఊదా పడినచోట నీడలో వివరం పోయినట్టు. గులాబీ రంగు తెల్ల ఛాయకు సరైన ఎక్స్‌పోజరు, ఆకుపచ్చ నల్ల ఛాయకు. మన ముఖాలు చాలావరకు ఈ రెంటి మధ్య పడతాయి. చామనఛాయ నటుడి చెంప మీద, లైటు పడే వైపు, ఆకుపచ్చ కనిపిస్తే అక్కడ ఆపండి. గులాబీ కోసం ఇంకా తెరిస్తే నుదుటి మీద చెమట మెరిసినచోట ఎర్ర చుక్కలు మొదలవుతాయి. ఆ చుక్కల్లో చర్మం రంగు ఉండదు, గ్రేడింగ్‌లో (రంగులు సరిదిద్దే పనిలో) ఎంత లాగినా తిరిగి రాదు.

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. 24 ఫ్రేములకు 180 డిగ్రీల షటర్ (ఒక్కో ఫ్రేములో సగం సేపు వెలుతురు పడనివ్వడం) పెడితే ట్యూబులైట్ల కింద, చవక ఎల్ఈడీల కింద ఫ్లికర్ (వెలుగు మినుకుమినుకుమనడం) వచ్చే ప్రమాదం ఉంది. 172.8 డిగ్రీలు పెట్టండి, అది సరిగ్గా సెకనులో 50వ వంతు. 25 ఫ్రేములైతే 180 డిగ్రీలే చాలు.

ఎన్‌డీ లోపల లేదు. నడి ఎండలో ఐఎస్‌ఓ 400, 24 ఫ్రేములు, మామూలు షటరు, లెన్సు ఎఫ్ 2.8 కావాలంటే కోయాల్సిన వెలుతురు దాదాపు 8 స్టాపులు, అంటే ఎన్‌డీ 2.4. ఇక్కడే చవక ఫిల్టరు దెబ్బ కొడుతుంది. ఈ సెన్సరు ముందు ఇన్‌ఫ్రారెడ్‌ను (కంటికి కనిపించని కిరణాలను) గట్టిగా ఆపే ఏర్పాటు లేదు. మామూలు ఎన్‌డీ కంటికి కనిపించే వెలుతురును కోస్తుంది గానీ ఇన్‌ఫ్రారెడ్‌ను వదిలేస్తుంది. ఎన్‌డీ ఎంత చిక్కబడితే ఇన్‌ఫ్రారెడ్ వాటా అంత పెరుగుతుంది. సింథటిక్ నల్ల ప్యాంటు వేసుకున్న నటుడిని ఎండలో నిలబెట్టి చూడండి, ప్యాంటు ఇటుక పొడి చల్లినట్టు ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతుంది. పక్కనే ఉన్న నల్ల నూలు చొక్కా మాత్రం నల్లగానే ఉంటుంది! ఒక బట్ట మారి ఇంకొకటి మారకపోతే గ్రేడింగ్‌లో సరిచేయడం నరకం. ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా ఆపేవి, ఐఆర్ఎన్‌డీ అని విడిగా అమ్మేవే కొనండి. మ్యాట్‌బాక్సు (లెన్సు ముందు ఫిల్టర్లు పెట్టే పెట్టె) లేకపోతే 77 లేదా 82 మిల్లీమీటర్ల స్క్రూ ఫిల్టరు ఒకటి, చిన్న లెన్సులకు స్టెప్ అప్ రింగులు తీసుకుంటే సరిపోతుంది.

బ్యాటరీ గురించి కొంచెం కటువుగానే చెప్పాలి. ఎల్‌పీ-ఇ6 బ్యాటరీ ఒకటి పెడితే గంట వస్తుందని కంపెనీ లెక్క. స్క్రీను వెలుగు పూర్తిగా పెంచి, ఎస్ఎస్‌డీ (రికార్డింగుకు బయట తగిలించే డిస్కు) తగిలించి పనిచేస్తే 40, 45 నిమిషాలు వస్తే గొప్ప. నకలు బ్యాటరీలైతే ఇంకా అన్యాయం, స్క్రీను మీద 30 శాతం చూపిస్తూనే కెమెరా ఠక్కున ఆరిపోతుంది. రికార్డింగ్ మధ్యలో ఆరితే ఆ చివరి క్లిప్పు దక్కుతుందో లేదో చెప్పలేం. పరిష్కారం వి-మౌంట్ బ్యాటరీ, అంటే బయట తగిలించే పెద్దది. 98 వాట్ అవర్లది ఒకటి, దాని డి-ట్యాప్ (కరెంటు బయటికిచ్చే సాకెట్టు) నుంచి కెమెరా రెండు పిన్నుల లాకింగ్ సాకెట్టుకు వచ్చే కేబులు ఒకటి ఉంటే నాలుగు గంటల వరకు లాగుతుంది. లోపల ఎల్‌పీ-ఇ6 కూడా ఉంచండి. వి-మౌంట్ మార్చే ఆ నిమిషం కెమెరా దాని మీద నడుస్తుంది, ఆపి మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు. విమానంలో తీసుకెళ్లాల్సి వస్తే 100 వాట్ అవర్లు దాటనివే కొనండి.

వేడి కూడా ఇందులో భాగమే. కంపెనీ చెప్పే పనిచేసే ఉష్ణోగ్రత 40 డిగ్రీల వరకే. మే నెలలో విజయవాడలోనో ఖమ్మంలోనో ఆరుబయట షూటింగ్ అంటే ఆ గీత దాటినట్టే. గొడుగు నటుడి కంటే ముందు కెమెరాకు పట్టాలి. అడుగున గాలి పీల్చుకునే రంధ్రాలు ఉన్నాయి, వెడల్పాటి ట్రైపాడ్ ప్లేటు వాటిని మూసేస్తుంది. ప్లేటు బిగించాక కింద నుంచి ఒకసారి చూసుకోండి.

స్టోరేజీకి సీఫాస్ట్, ఎస్‌డీ యూహెచ్ఎస్-2 కార్డుల స్లాట్లు ఉన్నా డబ్బు ఆదా అయ్యేది యూఎస్‌బీ-సీ ఎస్ఎస్‌డీతోనే. 24 ఫ్రేముల 4కెకు బ్లాక్‌మ్యాజిక్ రా 5:1 (అంటే అయిదో వంతుకు కుదించింది) సెకనుకు దాదాపు 65 మెగాబైట్లు, 8:1 దాదాపు 41, 12:1 దాదాపు 27 తింటుంది. 500 జీబీ డిస్కులో 8:1 అయితే మూడు గంటల పైచిలుకు, 5:1 అయితే రెండు గంటలు. మాటలు, ముఖాలు ఉన్న సీన్లకు 8:1 చక్కగా సరిపోతుంది. క్యూ5 లాంటి క్వాలిటీ సెట్టింగులలో సైజు సీనును బట్టి మారుతుంది. వాన, గాలికి ఊగే చెట్లు, నీళ్లు ఉంటే అమాంతం పెరుగుతుంది. డిస్కు లెక్క చేతికి అలవాటయ్యేదాకా వాటి జోలికి పోవద్దు.

బలహీనమైన చోటు ఆ యూఎస్‌బీ-సీ సాకెట్టే. చేత్తో కెమెరా పట్టుకుని తిరిగేటప్పుడు కేబులు కాస్త వంగితే చాలు, రికార్డింగ్ ఆగిపోతుంది. స్క్రీను మీదే కళ్లు లేకపోతే ఆ సంగతి తెలియను కూడా తెలియదు. కేబుల్ క్లాంపు ఉన్న కేజ్ (కెమెరా చుట్టూ బిగించే చట్రం) కొనడం విలాసం కాదు, అవసరం. డిస్కును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. మ్యాక్ వాడేవాళ్లు హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఎంచుకుంటే కరెంటు పోయినప్పుడు ఫైళ్లు దెబ్బతినే ప్రమాదం తక్కువ. విండోస్ వాళ్లకు ఎక్స్‌ఫ్యాట్ తేలిక, కానీ ఆ రక్షణ ఉండదు.

లెన్సుల దగ్గర క్రాప్ (సెన్సరు చిన్నది కావడం వల్ల ఫ్రేములో తక్కువ భాగమే పట్టడం) గుర్తుంచుకోవాలి. ఫుల్ ఫ్రేము సెన్సరుతో పోలిస్తే 1.9 రెట్లు. 18 మిల్లీమీటర్లది 34లా కనిపిస్తుంది, చిన్న గదిలో వెనక్కి జరగడానికి గోడ అడ్డొస్తుంది. అద్దెకు తేలిగ్గా దొరికే కెనాన్ ఈఎఫ్ లెన్సులు వాడాలంటే 0.71 స్పీడ్ బూస్టరు (లెన్సుకూ కెమెరాకూ మధ్య పెట్టే అడాప్టరు) పెట్టండి, అదే 18 అప్పుడు 24లా వస్తుంది, పైగా ఒక స్టాపు వెలుతురు కలిసొస్తుంది. 120 ఫ్రేముల స్లో మోషన్ హెచ్‌డీలోనే, అదీ సెన్సరు మధ్య ముక్క నుంచే, కాబట్టి వైడ్ షాట్లకు పనికిరాదు.

పెళ్లిళ్లకు మాత్రం ఇది వద్దు. కదిలే మనిషిని వెంబడించే ఆటోఫోకస్ లేదు, ఒకసారి నొక్కితే ఒకసారి పట్టుకుంటుంది, అంతే. బాడీలో స్టెబిలైజేషన్ లేదు. స్క్రీను తిరగదు, ఎండలో కనపడదు. తలంబ్రాలకు రెండో టేకు ఉండదు. ఆ పనికి పానాసోనిక్ జీహెచ్5 లాంటిది నయం. ట్రైపాడ్, ఫోకస్ పుల్లరు (ఫోకస్ చూసుకునే అసిస్టెంటు), రిహార్సల్ ఉన్నచోట పాకెట్ 4కె తన విలువ చూపిస్తుంది.

సౌండ్‌కు మినీ ఎక్స్ఎల్ఆర్ మైకు సాకెట్టు ఒకటే ఉంది, మైకుకు కావాల్సిన 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు ఇస్తుంది. డైలాగు సీన్లకు విడి రికార్డరు పెట్టుకోవడమే మేలు.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే ముందు లెన్సు క్యాప్ పెట్టి 3200లో చూడండి. తెల్లచుక్కలు కనిపిస్తే సెటప్ మెనూలో పిక్సెల్ రీమ్యాపింగ్ (పాడైన పిక్సెళ్లను కప్పేసే పని) చేయించండి, అయినా పోకపోతే బేరం ఆపేయండి. తర్వాత మీ సొంత ఎస్ఎస్‌డీ తగిలించి 20 నిమిషాలు ఆపకుండా రికార్డు చేస్తూ కేబులును మెల్లగా కదపండి. సాకెట్టు వదులైతే అక్కడే బయటపడుతుంది. కొత్త కెమెరాతో పాటు డావిన్సీ రిజాల్వ్ స్టూడియో (ఎడిటింగ్, గ్రేడింగ్ సాఫ్ట్‌వేర్) కీ వస్తుంది, రెండు కంప్యూటర్లలో పనిచేస్తుంది. విడిగా కొంటే దాని ధర 295 డాలర్లు. అమ్మేవాళ్లు ఆ కీ కూడా ఇస్తున్నారా, ఇస్తే మీ కంప్యూటర్లో తెరుచుకుంటోందా చూశాకే డబ్బు చేతిలో పెట్టండి.