ఇద్దరికీ కలిపి ఒకటే చుక్క: లైవ్ ట్రాకర్‌తో ఏడు నెలలు

ముందే చెప్పేస్తాను, ఈ ట్రాకర్ మీద నాకు కోపం ఉంది. అయినా ఏడు నెలలపాటు రోజుకు పదిసార్లు తెరిచి చూశాను.

నేను పెద్దగా సైకిల్ తొక్కేవాణ్ణి కాదు. ఒక భార్యాభర్తల జంట టాండెమ్ సైకిల్ (ఇద్దరూ ముందూ వెనకా కూర్చుని తొక్కేది) మీద ప్రపంచం చుట్టి రావడానికి బయల్దేరితే, వాళ్ళ దగ్గరున్న ట్రాకర్ పరికరం వాళ్ళెక్కడున్నారో చుక్కలుగా చూపించే మ్యాప్ లింకు ఒక స్నేహితుడు పంపాడు. రికార్డు కోసం కాదన్నారు గాని కొలతలు మాత్రం గిన్నిస్‌వే పెట్టుకున్నారు. ఒకే దిశలో వెళ్తూ కనీసం 28,970 కిలోమీటర్లు తొక్కాలి, భూగోళం మీద ఒకదానికొకటి సరిగ్గా అవతల ఉండే రెండు చోట్లని తాకాలి. అందుకే స్పెయిన్, న్యూజిలాండ్ రెండూ దారిలో పెట్టుకున్నారు. 2017లో స్కాట్లండ్ సైక్లిస్టు మార్క్ బోమాంట్ ఇదే పని 78 రోజుల 14 గంటల 40 నిమిషాల్లో ముగించాడు. కాని ఆయన వెంట బండి, మనుషులు ఉన్నారు. 2022లో ఒక బ్రిటిష్ జంట టాండెమ్ మీదే 180 రోజుల లోపు తిరిగొచ్చింది. మావాళ్ళకి 214 రోజులు పట్టింది. (మావాళ్ళు అనేశాను చూశారా.)

మొదటి నెలలో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా "వాళ్ళ వెనకే వెళ్తున్నట్టు ఉంటుంది" అని చెప్పాను. చుక్క పది నిమిషాలకోసారి పడుతుంది. చదును రోడ్డయితే చుక్కకీ చుక్కకీ మధ్య నాలుగు కిలోమీటర్లు. ఎత్తు ఎక్కుతుంటే ఒకటిన్నర. దిగుతుంటే ఏడు. టాండెమ్ తీరే అంత, ఎక్కేటప్పుడు ఉసూరుమంటుంది, దిగేటప్పుడు పట్టపగ్గాలుండవు. రెండు నెలలయ్యేసరికి చుక్కల ఎడం చూసి ఎదురుగాలి ఉందో లేదో చెప్పడం మొదలుపెట్టాను. సగంసార్లు నిజమయ్యేది కూడా. సెల్ టవర్ అక్కర్లేదు, పైన ఆకాశం కనపడితే చాలు, ఉపగ్రహానికి అందుతుంది.

ఇప్పుడైతే ఆ "వెనకే వెళ్తున్నట్టు" అన్న మాట అంత గట్టిగా అనను. సొరంగంలో దూరితే చుక్క లేదు. దట్టమైన చెట్ల కింద సగం చుక్కలు గల్లంతు, మిగిలినవాటిని మ్యాప్ తిన్నగా గీత గీసి కలిపేస్తుంది. ఒకసారి వీళ్ళు సరస్సు మీద తొక్కుకుంటూ పోయినట్టు చూపించింది.

ఇవన్నీ సర్దుకుపోవచ్చు. నాకు మంట పుట్టించింది ఆస్ట్రేలియాలో జరిగిన సంగతి.

నల్లార్బర్ మైదానం దాటే ఐర్ హైవేలో బల్లడోనియా నుంచి కైగునా వరకు 146.6 కిలోమీటర్లు ఒక్క మలుపు ఉండదు. ఉపగ్రహ చిత్రంలో చూస్తే స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. ఆ హైవే మీద కొన్నిచోట్ల ఫ్లయింగ్ డాక్టర్ల (మారుమూల చోట్లకి విమానంలో వచ్చి వైద్యం చేసేవాళ్ళ) విమానం దిగడానికి రోడ్డునే రన్‌వేగా వాడుకుంటారు, తెల్ల చారలు గీసి ఉంటాయి. ఇంకాస్త తూర్పుకి వెళ్తే గడియారం 45 నిమిషాలు ముందుకి తిప్పుకోవాలి, గంట కాదు, అరగంటా కాదు. ఇవన్నీ మ్యాప్ పెద్దది చేసుకుని తీరిగ్గా చూస్తున్నాను. చుక్కలు నాలుగేసి కిలోమీటర్లకి పడుతున్నాయి. బల్లడోనియా దాటి అరవై కిలోమీటర్లు వెళ్ళాక చుక్క ఆగింది. టీ తాగుతున్నారేమో అనుకున్నాను. నలభై నిమిషాలయింది. తర్వాతి చుక్క పదహారు కిలోమీటర్ల అవతల పడింది, అదీ పడమరకి, వచ్చిన దారినే. ఆ తర్వాతిది మరో పదహారు.

పది నిమిషాలకి పదహారు కిలోమీటర్లంటే ఏ టాండెమ్ పోతుంది? మ్యాప్ కింద వ్యాఖ్యలు మొదలయ్యాయి, లారీ ఎక్కేశారు, ఓడిపోయారు, ఇదంతా మోసం అని. నేను రాయలేదు గాని మనసులో అనుకున్నాను. అంతకంటే గొప్పవాణ్ణేం కాదు.

మా ఆవిడ ఇలాంటివి పట్టించుకోదు. నా మొహం చూసి ఫోన్ తీసుకుంది. "ఏవండీ, ఆ సైకిల్ అంత పొడుగుంటుంది కదా, ఎవరి కారులో పడుతుంది? ఒకరు బండెక్కి ఉంటారు, రెండోవాళ్ళు దాని దగ్గరే కూర్చుని ఉంటారు" అంది. మూడు నెలలుగా చూస్తున్నాను, చుక్కంటే ఇద్దరు మనుషులన్న ఆలోచనే నాకు రాలేదు.

సరిగ్గా అదే జరిగింది. నాలుగో రోజు పెట్టిన ఆడియోలో చెప్పారు. వెనక చక్రంలో ఫ్రీహబ్ పోయింది, పెడల్ తిరుగుతోంది గాని చక్రం పట్టుకోవట్లేదు. ఆయన చక్రం ఊడదీసుకుని, హ్యాండిల్ దగ్గరి సంచీ భుజాన వేసుకుని, లిఫ్ట్ అడిగి కాల్గూర్లీ వెళ్ళాడు. దాదాపు 440 కిలోమీటర్లు. ట్రాకర్ ఆ సంచీకే తగిలించి ఉంది. దాన్ని ఆమె దగ్గర వదలాలని ఇద్దరికీ తట్టలేదు. ఆ ట్రాకర్ మీదుండే, ఆపదలో నొక్కాల్సిన ఎస్ఓఎస్ బటన్ కూడా ఆయనతోపాటు ఊళ్ళోకి పోయింది. ఆమె తొమ్మిది లీటర్ల నీళ్ళు, ఒక టెంటు, ఒంటి చక్రం సైకిల్‌తో రోడ్డు పక్కన 31 గంటలు గడిపింది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. కారవాన్లలో పోయేవాళ్ళు ఆగి టీ ఇచ్చారట, అది వేరే సంగతి. ఆ 31 గంటలూ కొన్ని వందలమందిమి సైకిల్ షాపు ముందు నిలబడ్డ చుక్కని చూస్తూ టెన్షన్ పడ్డాం. తెల్ల చారల రన్‌వే కోసం వెతికిన నేను, ఆమె ఉన్న చోటుని ఒక్కసారైనా పెద్దది చేసి చూడలేదు.

మర్నాడు రాత్రి చుక్క అదే చోటికి తిరిగొచ్చింది. తెల్లారాక మళ్ళీ నాలుగేసి కిలోమీటర్లు. మోసం అన్నవాళ్ళు ఆ మాటలు చెరిపేసుకున్నారు.

తప్పు యంత్రానిది కాదని నాకూ తెలుసు, తగిలించిన సంచీ ఎక్కడికి పోతే అదీ అక్కడికే పోతుంది. కాని మ్యాప్ మీద ఇద్దరి పేర్లూ కలిపి రాసి కింద ఒక్క చుక్క పెడితే, చూసేవాడు నమ్ముతాడు. ఇంకో ట్రాకర్‌కి ఇంకో నెలవారీ చందా కట్టాలి, బరువు రెండు వందల గ్రాములు కూడా ఉండదు. టాండెమ్ కదా, ఎప్పుడూ కలిసే ఉంటాం అనుకుని ఉంటారు.

మరి చూడమంటానా? నాది రాత్రి డ్యూటీ, మధ్యలో చేతికి పని ఉండదు, కాబట్టి నాకు బాగా కుదిరింది. ఆత్రపడే మనిషైతే చుక్కల జోలికి వెళ్ళకుండా ఆడియోలు మాత్రం వినడం మేలు, అవి ఎలాగూ అంతా సర్దుకున్నాకే వస్తాయి. నా సొంతవాళ్ళే రోడ్డు మీద ఉంటే మాత్రం ఒక్క చుక్కకి ఒప్పుకోను.

వచ్చే ఏడాది దక్షిణ అమెరికా అంటున్నారు. ఈసారి ట్రాకర్లు రెండట, ఒకటి వెనక సీటు కింద పట్టీతో బిగించేస్తారట.